హిమాయత్ సాగర్ ఒడ్డున అమ్మ గుచ్చిన పుల్ల

ఆదివారం ఉదయం అమ్మ కాఫీ గ్లాసులో సన్నని వలయాలు కనిపించాయి. ఆ తర్వాతే విమానం చప్పుడు వినిపించింది. వలయాలు ఆగేదాకా అమ్మ గ్లాసు ముట్టుకోలేదు. "ఇక్కడ కదలిక ముందొస్తుంది, చప్పుడు తర్వాత," అంది.

శంషాబాద్‌లో పెట్రోలు బంకు వెనకున్న అద్దె ఫ్లాట్‌కి వచ్చి మూడు వారాలైంది. ఉద్యోగం నాది. ఉప్పాడ నుంచి నాతో వచ్చిన అమ్మకి అలల చప్పుడు లేకపోతే నిద్ర పట్టడం లేదు. రోజూ "ఇంటికి పోతాను" అంటోంది. కూర్చోవడానికి ఒక నీటి ఒడ్డు చూపిస్తే ఉంటానని చివరికి మాట ఇచ్చింది. మాకు దగ్గర్లో ఉన్న జలాశయం హిమాయత్ సాగర్.

ఎనిమిదింటికి బస్టాండు దగ్గర ఆటో మాట్లాడుకున్నాం. రానూపోనూ, అక్కడ ఆగడంతో కలిపి ఆరు వందలు. ఔటర్ రింగు రోడ్డు పక్క దారిలో అరగంట పట్టింది. డ్రైవర్ యాదయ్య అద్దంలో అమ్మని చూసి నవ్వాడు.

"సముద్రం ఇడిసిపెట్టొచ్చి గీ నీళ్లు జూడనీకి పోతున్నరా పెద్దమ్మా? కలుపుకోనీకి ఉప్పు గిట్ల తెచ్చుకున్నరా?"

"చప్పుడుంటే చాలు బాబూ. ఉప్పు నేనే వేసుకుంటాను."

చప్పుడు లేదు. కట్టకి దూరంగా, ఒక ఊరి వైపు ఒడ్డున ఆగాం. ఎండ కాస్తోంది, గాలి మాత్రం లేదు. నీళ్లు బూడిద రంగులో కదలకుండా ఉన్నాయి. ఒక కరెంటు స్తంభం నడుము దాకా వాటిలో నిలబడి ఉంది. దాని మీద కొంగ, కింద కొంగ నీడ, రెండూ కదల్లేదు. మేం తప్ప మనిషి లేడు. అమ్మ వంగి నీళ్లు తాకి తల మీద చల్లుకుంది. నీటి అంచున వేప పుల్ల ఒకటి గుచ్చి, పక్కనున్న బండ మీద కూర్చుంది. మా ఊళ్లో అందరూ చేసే పనే అది. పుల్ల నీళ్లలోకి పోతే పోటు, పొడిలో మిగిలితే ఆటు.

నేను వెనక్కి వచ్చి, ఆటో దగ్గర నీడలో పుస్తకం తెరిచాను. నాలుగు పేజీల తర్వాత చూస్తే పుల్ల నీటిలో ఉంది. "పోటు," అంది అమ్మ. "తిరుగుతుందిలే." ఇంకో నాలుగు పేజీలకి పుల్ల కొస మాత్రమే మిగిలింది. ఒక్క అల కూడా రాలేదు. మళ్లీ తలెత్తేసరికి పుల్ల లేదు. అమ్మకీ నాకూ మధ్య ఉన్న పల్లంలో నీళ్లు నిండి, ఆకాశం కనిపించింది.

యాదయ్య ఆటో దిగి అరిచాడు. "పెద్దమ్మా, ఎనక్కి సూడు! నీళ్లు ఎనకెల్లి వస్తున్నయ్!"

"తిరుగుతుంది బాబూ. నాకు తెలీదా?"

"గిది సముద్రం గాదు! మీద దిక్కు రాత్రి వాన దంచింది. వచ్చిన నీళ్లు ఇగ యాడికి పోతయ్? జర జల్ది పో అక్కా!"

చెప్పులతోనే దిగాను. నీళ్లు మోకాళ్లు దాటాయి. గోరువెచ్చగా ఉన్నాయి. అమ్మ లేవలేదు, నా వైపు తిరగనూ లేదు. "కాసేపు ఆగవే. వెళ్లిపోతుంది."

గట్టిగా మాట్లాడటం నాకు అలవాటు లేదు. చెయ్యి పట్టుకుని లాగుతూ, "వెళ్లదమ్మా!" అని అరిచాను. స్తంభం మీది కొంగ లేచిపోయింది. అప్పుడు లేచింది అమ్మ.

ఆటోలో అమ్మ చీర కుచ్చిళ్లు పిండుకుంటుంటే యాదయ్య మెల్లగా అడిగాడు. "యాడికి పోదాం పెద్దమ్మా?"

"ఇంటికి." కుచ్చిళ్లు మళ్లీ పిండింది. "పెట్రోలు బంకు వెనక, మూడో అంతస్తు."

నీళ్లన్నీ ఒకేలా నడుస్తాయనుకున్నాం. సముద్రం వచ్చేటప్పుడు చప్పుడు చేస్తుంది, కొంతైనా వెనక్కి వెళ్తుంది. ఇక్కడి నీళ్లు ఏమీ చెప్పవు. ఆ రాత్రి అమ్మ నిద్రపోయింది, నాకు మాత్రం పట్టలేదు. వానాకాలంలో వెళ్లేవాళ్లకి ఒక్క మాట: ఇక్కడ ఎండ ఉందని కాదు, ఎగువన వాన పడిందా అని అడిగి బయల్దేరండి. ఎత్తున్న చోటే కూర్చోండి, పల్లం దాటకండి.

ఉప్పాడలో మా ఇల్లు ఉన్న చోట రెండేళ్లుగా సముద్రమే ఉంది.