బాతుల గూట్లో బాబాయి

తాను అనుభవించి చూడనిదే మా బాబాయి బాతులకు ఏదీ పెట్టడు. ఎండాకాలంలో బాతుకు నీడ, తల మునిగేంత లోతు నీళ్లు ఉండాలని ఎవరైనా చెబితే మీరూ నేనూ నమ్మి ఊరుకుంటాం. ఆయన అలా కాదు. తొట్టి నింపి, నిక్కరుతో అందులో చతికిలబడి, కాసేపయ్యాక లేచి, "గోరువెచ్చనయ్యాయి, మార్చాల్సిందే" అని తీర్పు చెప్పేవాడు.

ఒకరోజు ఐసు నీళ్లలో దోసకాయ ముక్కలు వేసి, చేతులు వెనక్కి కట్టుకుని, నోటితో అందుకోబోయాడు. నీళ్లు ముక్కులోకి పోయి దగ్గు పట్టుకుంది. పిన్ని పరుగెత్తుకొచ్చింది.

"ఏమైందండీ?"

"ముక్కలు పెద్దవయ్యాయి. సన్నగా తరుగు."

"బాతులు చెప్పాయా?"

"అవి మొహమాటపడతాయి. మనమే కనిపెట్టాలి."

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. ఒక మధ్యాహ్నం ముసలి బాతు నోరు తెరిచి, రెక్కలు ఎడంగా పెట్టి రొప్పసాగింది. బాబాయి మొహం వాడిపోయింది. "దీన్ని పోనిచ్చే ప్రసక్తే లేదు" అంటూ బాతుల్ని స్నానాలగదిలోకి తరలించి, తాను గూట్లోకి దూరాడు. పిన్ని ఎంత మొత్తుకున్నా రాలేదు. చివరికి ఎర్రగా కమిలిపోయి బయటికొచ్చాడు.

"వేడి పైనుంచి కాదు, పక్క గోడ నుంచి వస్తోంది."

ఆ రేకుల గోడ అవతల ఇస్త్రీ పెద్దాయన గది. పైనా రేకులే. పొద్దస్తమానం బొగ్గుల ఇస్త్రీపెట్టెతో అందులోనే ఒంటరిగా పని. అంతకుముందు వారమే వడదెబ్బకు కళ్లు తిరిగి పడిపోయాడు. పిన్ని ఫ్యాను పంపితే, "నా మీద ఎవరూ జాలిపడక్కర్లేదు" అని తిప్పి పంపేశాడు. మళ్లీ పడిపోతే చూసేవాళ్లు లేరు.

బాబాయి తిన్నగా అక్కడికి వెళ్లి కయ్యానికి దిగాడు.

"మీ రేకుల వేడికి నా బాతులు చచ్చేలా ఉన్నాయి! మీ కప్పు మీద తడి గోనెసంచులు పరవాల్సిందే."

"నీ బాతుల కోసం నా కప్పెక్కుతావా?"

"ఎక్కుతాను. గోడ చల్లబడ్డానికి ఫ్యానూ పెడతాను."

పెద్దాయన కాసేపు గొణిగి, "సరే, నోరులేని జీవాలు. కానియ్" అన్నాడు.

ఫ్యాను గోడవైపే తిప్పాడు బాబాయి. మధ్యలో పెద్దాయన ఇస్త్రీబల్ల ఉండటం బాబాయి తప్పు కాదు. రోజూ నిచ్చెనెక్కి సంచులు తడిపేవాడు. ఆపైన ఆ గదిలో కూర్చుని, "నాకు చెమట పట్టినంతసేపూ బాతులకు సుఖం లేనట్టే" అంటూ మరో బకెట్టు మోసేవాడు. ఇక్కడ మేం స్నానానికి తువ్వాళ్లతో బాతుల దయకోసం బారులు తీరేవాళ్లం.

ఉండబట్టలేక అడిగేశాను. "బాతులు మన స్నానాలగదిలో ఉంటే, ఖాళీ గూటికి ఈ సేవేంటి బాబాయ్?"

గభాలున నా నోరు మూశాడు. "మెల్లగా! పెద్దాయన విన్నాడంటే ఫ్యాను వెనక్కొచ్చేస్తుంది."

అప్పుడు గాని నా బుర్రకెక్కలేదు. బాబాయి మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

మర్నాడు ఇస్త్రీ బట్టలు తేవడానికి వెళ్లాను. బాబాయి కప్పుమీద నీళ్లు చల్లుతున్నాడు. ఇంతలో మా స్నానాలగదిలోంచి ముసలి బాతు గొంతెత్తి వీధంతా దద్దరిల్లేలా అరిచింది. దాన్ని కప్పిపుచ్చడానికి పైనుంచి బాబాయి పెద్దగా దగ్గాడు.

పెద్దాయన ఫ్యాను గాలికి మొహం పెట్టి, నావంక చూసి, నవ్వాపుకుంటూ పైకి కేకేశాడు.

"ఏమయ్యా, ఇవాళ నీ బాతులు గూట్లో హాయిగా ఉన్నట్టున్నాయే!"