ఎలుగుబంటి తుపాకీ, నా సెలవు

నర్సుకి తుపాకీల ప్రదర్శనలో ఏం పని అని మీరడగొచ్చు. షార్జా బస్టాండులో అబూదాబీ టికెట్ కొంటూ నన్ను నేనూ అదే అడిగాను.

షార్జాలో ఒక ఎమిరాతీ పెద్దాయనకు నేను ఇంట్లో ఉండి చూసుకునే నర్సుని. ఇంటిల్లిపాదీ పిలిచినట్టే నేనూ ఆయన్ని బాబా అంటాను. ఈ మధ్య కుడి భుజానికి ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన మర్నాటి నుంచీ ఒకటే పాట: కెనడాలో పాత స్నేహితుడు వేటకి పిలిచాడు, అక్కడ జింకలూ నల్ల ఎలుగుబంట్లూ ఉన్నాయి, వెళ్లి తీరాలి. డాక్టరు ఒక్కటే షరతు పెట్టాడు. తుపాకీ పేలినప్పుడు భుజాన్ని గట్టిగా తన్నకూడదు, తుపాకీని సిస్టర్, అంటే నేను, చూసి సరేనంటేనే ప్రయాణానికి సంతకం. బాబా వెళితే నాకు మూడు వారాల సెలవు. పాలకొల్లు దగ్గర మా ఊళ్లో మా అమ్మాయి కెజియా బాప్తిస్మం నేను రాలేకపోవడం వల్ల ఇప్పటికే రెండుసార్లు ఆగింది. మూడోసారి ఆపమని పాస్టరు అయ్యగారిని ఏ మొహం పెట్టుకుని అడగను?

బాబా ముందే అబూదాబీలో కూతురింటికి వెళ్లి ఉన్నాడు. డ్రైవర్ని పంపిస్తానంటే నేనే వద్దన్నాను. ఎవరికీ మందులివ్వకుండా కిటికీ పక్కన కూర్చుని వెళ్లే సుఖం నాకెప్పుడు దొరుకుతుంది! షార్జాలోనే అల్ నహ్దాలో మా స్నేహితురాలి గదిలో రాత్రి పడుకుని, తను పెట్టిన ఉప్మా తిని, ఎనిమిదింటి బస్సెక్కాను. మీరూ వెళితే ఒక శాలువా పెట్టుకోండి. బయట ఆగస్టు ఎండ మాడ్చేస్తుంటే లోపల ఏసీకి పళ్లు టకటక కొట్టుకుంటాయి.

నడవకి అవతల సీటులో నిజామాబాద్ ఆయన. అబూదాబీ దగ్గర ఐకాడ్ ఫ్యాక్టరీల్లో వెల్డరట, తమ్ముణ్ణి చూసి క్యాంపుకి తిరిగి పోతున్నాడు.

"యాడికి సిస్టర్? డ్యూటీకా?"

"డ్యూటీయేనండి. ఎలుగుబంటిని కొట్టే తుపాకీ చూడ్డానికి."

ఆయన పక్కున నవ్వాడు. "గుడ్డెలుగుకు తుపాకి ఎందుకు? మా దిక్కు తునికాకు కొయ్యనీకి అడవికి పోతే గట్టిగ ముచ్చట పెట్టుకుంట పోతం. సప్పుడు ఇంటె అదే జరుగుతది. ఖలాస్!"

"ఈ మాట మా బాబాతో అన్నానంటే నన్నే ఖలాస్ చేస్తాడు అన్నయ్యగారూ."

పది దాటాక అబూదాబీలో దిగాం. ఊళ్లో బస్సులకి కార్డే తప్ప డబ్బులు తీసుకోరు. నాకు తెలియక పర్సు పట్టుకుని నిలబడితే వెల్డరన్నయ్య యంత్రం దగ్గరికి తీసుకెళ్లి కార్డు తీయించి, నా బస్సేదో చూపించి మరీ వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ "గుడ్డెలుగును అడిగిన్నని చెప్పు!" అని కేకేశాడు. బస్సులో ఉన్నవాళ్లంతా నావైపే చూశారు.

ప్రదర్శన అంటే మన తిరనాళ్లే, కాకపోతే ఏసీలో. కళ్లకు తోలు టోపీలు పెట్టుకుని డేగలు పెళ్లికూతుళ్లలా బుద్ధిగా కూర్చున్నాయి. ఒంటెలు, బక్కపలచటి వేటకుక్కలు, ఊదు పొగ. ఒక మూల బిర్యానీ దొరికింది, బాగుంది. తుపాకీలు చూడాలంటే ఇంకో హాలుకి వెళ్లాలి. లైసెన్సు ఉన్న స్థానికులే కొనగలరు, మనకి చూపు వరకే.

బాబా అప్పటికే సింహాసనంలాంటి కుర్చీలో ఉన్నాడు. అమ్మే ఆయన పెషావర్ ఖాన్. అందరం హిందీలోనే మాట్లాడుకున్నాం. రాగానే నాకో గుక్కెడు కాఫీ అందింది. చిన్న గిన్నెలాంటి కప్పు, ఫింజాన్ అంటారు. చాలనుకుంటే దాన్ని కుడిచేత్తో కాస్త ఊపి ఇవ్వాలి, ఊపకపోతే పోస్తూనే ఉంటారు. ఈ దేశం వచ్చిన కొత్తలో ఇది తెలియక కడుపు ఉబ్బేదాకా తాగి, తెల్లవార్లూ జాగారం చేశాను లెండి.

ఖాన్ రెండు తుపాకీలు బల్లమీద పెట్టాడు. ఒకటి త్రీ హండ్రెడ్ మాగ్నమ్, ఇంకోటి త్రీ నాట్ ఎయిట్. కేలిబర్ అంటే తూటా లావు అని నాకు తెలుసు. "ఈ రెండిటికీ లావు ఒకటే సిస్టర్. తేడా తూటా వెనకున్న మందుగుండులో. మాగ్నమ్‌లో మందెక్కువ, అందుకే తన్నూ ఎక్కువ," అన్నాడు ఖాన్.

"మరి తేలికపాటి తుపాకీ ఇస్తే భుజానికి మంచిది కదా?"

"ఉల్టా! బరువు తగ్గేకొద్దీ గట్టిగా తంతుంది. కాస్త బరువుండి, భుజానికి ఆనే మడమకి మందపాటి రబ్బరుండాలి."

ఇన్నాళ్లూ నేను తేలికది కొనమని బాబాని పోరుతున్నానే, ఓరి దేవుడా!

"జింకకి త్రీ నాట్ ఎయిట్ చాలు. దగ్గర నుంచి సరిగ్గా ఆయువుపట్టున కొడితే నల్ల ఎలుగుబంటికీ చాలు," అని ఖాన్ అంటుండగానే బాబా మాగ్నమ్ ఎత్తాడు. భుజానికి ఆనించి, దించి, మళ్లీ ఎత్తాడు. "ఎలుగుబంటికి పోతూ పిల్లల తుపాకీ పట్టుకుపోతే నా స్నేహితుడు నవ్వడూ?" అని మరోసారి ఎత్తాడు. పెదవి బిగించడం నేను చూశాను.

తర్వాత నావైపు వంగి మెల్లగా అన్నాడు. "డాక్టరుకి చిన్నదే కొన్నానని చెప్పు సిస్టర్. నేను కెనడాకి, నువ్వు నీ పిల్ల దగ్గరికి. యల్లా, పద!"

నిజం చెప్పొద్దూ, సరేనన్న మాట నోటిదాకా వచ్చింది. ఒక్క అబద్ధం ఆడితే సెలవు నాది. కానీ ఆ భుజానికి రోజూ కట్టు మార్చింది నేనే. ఆ కుట్లెంత లోతుకి పడ్డాయో నాకు తెలుసు.

"చెప్పలేను బాబా. అడవిలో భుజం జారితే ఎవరు చూస్తారు?"

ఆయన మొహం గంటు పెట్టుకున్నాడు. "అయితే కెనడా లేదు. నీ సెలవూ లేదు."

నాకు ఏడుపొచ్చింది. డేగల్ని చూస్తున్నట్టు అటు తిరిగాను. ఆ హాల్లో డేగలు లేనే లేవు.

అప్పుడే నెరిసిన గడ్డం ఉన్న పెద్దమనిషొకాయన కాఫీ కూజాతో వచ్చి బాబాకి పోశాడు. బాబా ఒక్క గుక్కలో తాగి ఇంకోటి పొయ్యమని కప్పు చాపాడు. చాపిన కుడిచెయ్యి గజగజ వణికింది. కప్పు ఊగింది. పెద్దమనిషి మర్యాదగా తల వంచి, కప్పు తీసుకుని వెళ్లిపోయాడు.

ఖాన్ లేని దుమ్ము తుడుస్తున్నాడు. బాబా తన చేతికేసి చూసుకున్నాడు. కాసేపటికి ఆయన బొజ్జ కదలడం మొదలైంది, నవ్వుతున్నాడు.

"ఏయ్, ఇటు రా! నేను ఊపలేదయ్యా, అదే ఊగింది. ఇంకోటి పొయ్యి!" అని అరిచి, నావైపు తిరిగాడు. "కప్పు కూడా నీ పక్షమే సిస్టర్. ఖాన్, ఆ చిన్నది చూపించు."

త్రీ నాట్ ఎయిట్ ఎత్తాడు. మడమకి లావుపాటి రబ్బరు, గొట్టానికి ఊతగా మూడుకాళ్ల కర్ర. కర్రమీద ఆనిస్తే భుజంమీద బరువే పడలేదు, పెదవీ బిగియలేదు. నేను సరేనన్నాను, ఈసారి మనస్ఫూర్తిగా. అక్కడే డాక్టరుకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. లైసెన్సు కాగితాలు కొడుకులు చూసుకుంటారట.

"స్నేహితుడు నవ్వితే?" అన్నాను బయటికొస్తూ.

"నవ్వనీ. ఎలుగుబంటి నవ్వకపోతే చాలు."

సాయంత్రం బస్సులో శాలువా కప్పుకుని కూర్చున్నాను. తుపాకీ గురించి నాకు అర్థమైంది ఇంతే: ముందు మోసే భుజాన్ని చూడాలి, తర్వాతే కొట్టే జంతువుని. ఎవరైనా కొనబోతే ఈ ముక్క చెప్పండి. బిర్యానీ కూడా తినమనండి.

దారిలో కెజియాకి వీడియో కాల్ చేశాను. "వస్తున్నానే. పాస్టరయ్యగారికి చెప్పు."

అది ఎగిరి గంతేస్తుందనుకున్నాను. నా మొహంలోకి తేరిపార చూసింది. "నువ్వు ఫ్లైటెక్కాక చెబుతాలే అమ్మా."

రెండుసార్లు వస్తానని చెప్పి రానిదాన్ని కదా.

కాల్ పెట్టేయబోతూ ఆగింది. "అమ్మా, వచ్చేప్పుడు పెద్ద తువ్వాలు తే. కాలవలో మునిగి నేను పైకొచ్చేసరికి గట్టుమీద నువ్వే పట్టుకుని నిలబడాలి."

షార్జాలో దిగి స్నేహితురాలి గదికి పోలేదు. బస్టాండు ఎదురుగా ఇంకా తెరిచున్న కొట్టుకి పోయి, ముందు తువ్వాలు కొన్నాను.