బాగుందంటే నమ్మని మా టెస్టింగ్ అన్న

మా టెస్టింగ్ అన్న పోయాడన్న కబురు నాకు ఆఫీసు వాట్సాప్ గ్రూపులో తెలిసింది. "మన పాత టెస్టింగ్ అన్న ఈ ఉదయం గుండెపోటుతో పోయారు" అని మేనేజర్ గారు పెట్టిన మెసేజ్ కింద నా ఫోను తనంతట తానే మూడు జవాబులు సిద్ధం చేసింది. "సరే", "చాలా బాగుంది", "ధన్యవాదాలు". నేను ఏదీ నొక్కలేదు. అకౌంట్స్ చూసే మేడమ్ మాత్రం కంగారులో వేలు జారి "చాలా బాగుంది" నొక్కేసింది. ఆ తర్వాత గ్రూపు నిండా ఆవిడ క్షమాపణలే. అన్న ఉండి ఉంటే ఆ మూడు జవాబుల్నీ స్క్రీన్‌షాట్ తీసి, చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి, ఫోను కంపెనీవాళ్లకు పంపి, జవాబొచ్చేదాకా వదిలేవాడు కాదు. అది తలచుకుని మెట్రోలో కూర్చునే నవ్వాను. పక్కనున్నావిడ కాస్త దూరం జరిగింది. చైతన్యపురి దాటాక ఏడుపొచ్చింది.

ఈ ఉద్యోగాల గొడవ తెలియనివారికి ఒక్క మాట చెప్పాలి. మేం సాఫ్ట్‌వేర్ రాస్తాం. అది జనం చేతికి వెళ్లకముందే వాడి చూసి, ఎక్కడెక్కడ చెడిందో చెప్పే మనిషి టెస్టర్. పెళ్లింట్లో వంట దించగానే మొదటి ముద్ద నోట్లో పెట్టుకునే పెద్దమనిషి లాంటివాడు. ఉప్పెక్కువైందంటే వంటవాడికి కోపం, అనకపోతే పెళ్లివారికి కోపం. మా అన్న ఇరవై ఏళ్లపాటు వంటవాళ్ల కోపమే ఎంచుకున్నాడు.

మా ఆఫీసు ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర ఒక టిఫిన్ సెంటర్ పైన, నాలుగో అంతస్తులో ఉంటుంది. ఆస్పత్రులకు సాఫ్ట్‌వేర్ చేస్తాం. పొద్దున్నే జనమంతా హైటెక్ సిటీ వైపు రైళ్లలో కిక్కిరిసి పోతుంటే నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఎదురు రైలెక్కి, కూర్చుని వెళ్తాను. అన్న వనస్థలిపురం నుంచి బస్సులో వచ్చేవాడు. ఆయనది నల్గొండ దగ్గర పల్లె, మాది గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. యాభై దాటిన మనిషిని సార్ అనబోతే ఒప్పుకోలేదు. "సార్ అంటే నాకు లెక్కల పంతులు యాదికొస్తడు, అన్నా అను" అన్నాడు. తను మాత్రం నన్ను బిడ్డా అనేవాడు. అన్నా అని పిలిచేదాన్ని బిడ్డా అనడం ఏం వరసన్నా అని అడిగితే, "సాఫ్ట్‌వేర్ కంపెనీల వరసలు గూడ చూస్తవా?" అని ఎదురడిగాడు.

నేను చేరిన మొదటి వారంలోనే నా పనిలో నలభై ఒక్క తప్పులు పట్టాడు. రిపోర్టులు తెలుగులో రాసేవాడు. "సేవ్ బటన్ నొక్కితే ఉలుకూ లేదు పలుకూ లేదు." "వయసు కాడ మూడు వందలు కొట్టినా ఊకుంటున్నది, ఎవరన్న అన్నేండ్లు బతుకుతరా?" నేను వాష్‌రూమ్‌లోకి వెళ్లి ఏడ్చి, కళ్లు కడుక్కుని వచ్చి చూస్తే నలభై రెండోది సిద్ధంగా ఉంది. ఇంగ్లీషులో రాయమని మేనేజర్ గారు మందలిస్తే, "తప్పు ఏ భాషల చెప్తే సమజైతదో గా భాషల చెప్పాలె సార్" అన్నాడు. నాకు నిజంగానే అర్థమయ్యేది. అదే నా బాధ.

ఒకసారి ఆఫీసులో ముఖం చూసి హాజరు వేసుకునే యంత్రం పెట్టారు. చలికాలంలో మంకీ క్యాప్‌తో వచ్చిన అన్నను అది మూడు రోజులు గుర్తుపట్టలేదు. నాలుగో రోజు ఆయన గోడమీదున్న మేనేజర్ గారి ఫొటోను మేకు నుంచి దించి యంత్రానికి చూపించాడు. అది సంతోషంగా కూసింది. మేనేజర్ గారు ఆ వారమంతా తిరుపతిలో ఉన్నారు, అయినా ఆ రోజు ఆఫీసుకు వచ్చినట్టు నమోదయ్యారు. తిరిగొచ్చాక ఆయన కోప్పడితే అన్న నెమ్మదిగా, "మీరు రాకున్నా వచ్చిన్రన్నది. నేను వచ్చినా రాలేదన్నది. మనిద్దర్ల దానికి ఎవరి మీద పగ ఉన్నదో సమజైతలేదు సార్" అన్నాడు. మర్నాడు యంత్రం అటకెక్కి, సంతకాల పుస్తకం దిగింది.

అలాగని కొత్తదంటే గిట్టని మనిషి కాదు. ఏఐ వచ్చిన కొత్తలో మా అందరికంటే ఎక్కువ ఆయనే వాడాడు. తనకు కోపం తెప్పించిన వాళ్లందరికీ దానిచేత మెయిళ్లు రాయించేవాడు. "నేను తెలుగుల తిట్టింది అది ఇంగ్లీషుల దండం పెట్టినట్టు రాస్తున్నది బిడ్డా. అవతలోడు థాంక్యూ అంటున్నడు" అని తెగ ముచ్చటపడ్డాడు. ఒక పూటంతా కూర్చుని దాన్నీ పరీక్షించాడు. మీర్‌పేట నుంచి హయత్‌నగర్‌కు మెట్రో ఎక్కడ ఎక్కాలని అడిగాడు. ఆ రెండు చోట్లా మెట్రో లేదు. అది మాత్రం ఎక్కడ ఎక్కాలో, ఎక్కడ మారాలో స్టేషన్ల పేర్లతో సహా చెప్పింది.

"పొద్దుగాల్నుంచి చూస్తున్న. ఒక్కసారన్న తెల్వదంటదేమోనని. అంటలేదు" అన్నాడు. "తెల్వదన్న మాట నోటికి రానోనితోని జర జాగ్రత్తగ ఉండాలె బిడ్డా."

నేను నవ్వేసి ఊరుకున్నాను. ఆ మాట విలువ నాకు తర్వాత తెలిసింది.

అప్పట్లో ఒక ఆస్పత్రి కోసం చేస్తున్న సాఫ్ట్‌వేర్‌లో నాకో పని ఇచ్చారు. ఒకే రోగి పొరపాటున రెండుసార్లు నమోదైతే ఆ రెండు రికార్డుల్నీ ఒకటిగా కలపాలి. పేరు, ఊరు, పుట్టినతేదీ మూడూ ఒకటైతే మనిషి ఒక్కరే అని కోడ్ రాశాను. కంపెనీ కొత్తగా కొన్న ఏఐ సాధనం దాన్ని పరీక్షించి అన్నిటికీ పచ్చ టిక్కులు పెట్టింది. సోమవారం ఆస్పత్రివాళ్ల ముందు ప్రదర్శన. శుక్రవారం మధ్యాహ్నం అన్న, పరీక్ష పాసైందని సంతకం పెట్టనన్నాడు. నేనింకా ప్రొబేషన్‌లో ఉన్నాను. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు.

అన్న పరీక్షల పద్ధతి చెప్పాలి. మేమైతే రోగి పేరు అడిగినచోట ఏబీసీ అని కొట్టేస్తాం. "ఏబీసీ అనే మనిషికి జరమొస్తదా?" అనేవాడు ఆయన. ఆయన ఫైల్లో ఎనభై మంది కల్పిత పల్లెజనం ఉండేవారు. ఒక్కొక్కరికి పేరు, ఊరు, రోగం, కోపతాపాలు. వాళ్లలో ఇద్దరు ముత్తమ్మలు. ఒకే ఊరు, ఇద్దరికీ పుట్టినతేదీ జనవరి ఒకటి. నా కోడ్ వాళ్లను ఒక్కరిగా కలిపేసింది.

"పెద్ద ముత్తమ్మకు ఒక సూది పడదు. ఇస్తే పానం పోతది" అన్నాడు అన్న మీటింగులో. "చిన్న ముత్తమ్మకు పడతది. ఇది ఇద్దర్ని కలిపి, పడతదని రాసుకున్నది."

మేనేజర్ గారు తలపట్టుకున్నారు. "ఒకే ఊళ్లో, ఒకే పేరుతో, ఒకే రోజున ఇద్దరు పుడతారా అన్నా? ఎక్కడో కోటికొకటి. దానికోసం సోమవారం ఆపమంటావా?"

"సార్, ఆధార్‌ల మీ అమ్మగారి పుట్టినరోజు ఏమున్నది?"

"అదెందుకిప్పుడు?"

"జర అడగండి సార్."

మేనేజర్ గారు విసుగ్గా ఫోన్ తీసి స్పీకర్ పెట్టారు. అవతల పెద్దావిడ గొంతు గదంతా మోగింది. "ఆధార్‌లోనా? జూలై ఒకటి."

"నిజంగా ఆ రోజేనా అమ్మా?"

"నా మొహం. అట్లతద్ది ముందురోజు పుట్టానని మా అమ్మ చెప్పేది. బళ్లో మేష్టారు జూలై ఒకటని రాసేశారు. నాకొక్కదానికేనా, ఆ తరగతిలో సగం మందికి అదే. ఏరా, ఈ ఏడైనా కేకు తెస్తావా?"

గదిలో ఎవరికీ నవ్వాగలేదు. తర్వాత బల్ల చుట్టూ ఉన్నవాళ్లం ఒక్కొక్కరం ఇంటికి ఫోన్ చేశాం. మా అమ్మమ్మది జనవరి ఒకటి. అకౌంట్స్ మేడమ్ అత్తగారిది జనవరి ఒకటి. పక్క టీమ్ అతని తాతది జూలై ఒకటి. మేనేజర్ గారు ఫోన్ పెట్టేసి, తెర మీది పచ్చ టిక్కుల వైపు చూసి, "ఆపేయండి" అన్నారు.

తప్పు ఎవరిదో రాయాల్సిన గడిలో అన్న నా పేరు రాస్తాడని ఎదురుచూశాను. "కోడ్‌కు ఊర్లు తెల్వవు" అని రాశాడు. అంతే. కింద టిఫిన్ సెంటర్ దగ్గర చాయ్ తాగుతూ నేను ఏదో అనబోతే, "నువ్వు రాసినవ్, నేను చూసిన. ఎవరి పని వాళ్లం చేసినం. దండం పెడతవా ఏంది ఇప్పుడు?" అని గదిమాడు.

ఇదంతా అయ్యాక కూడా, కొన్ని నెలల తర్వాత ఆయన ఉద్యోగం తీసేశారు. ఆ ఏఐ సాధనం ఉంది కదా అన్నారు. బెంగళూరు ఆఫీసు నుంచి హెచ్‌ఆర్ అమ్మాయి వీడియో కాల్ చేసింది. నేను పక్క సీట్లోనే ఉన్నాను. పాపం ఆ పిల్ల పెదాలు కదులుతున్నాయి, మాట వినిపించడం లేదు. అన్న ఓపికగా, "మైకు సెట్టింగ్ తప్పున్నది బిడ్డా. కింద కుడిదిక్కు నొక్కు. అది కాదు, దాని పక్కది. ఆఁ, ఇప్పుడు మంచిగ ఇనబడుతున్నది, చెప్పు" అన్నాడు. అప్పుడా అమ్మాయి ఆయన ఉద్యోగం పోయిందని చెప్పింది. ఇది మీ పనితీరు గురించి కాదు అని కూడా అంది. "మరి దేని గురించి?" అని అడిగాడు అన్న, ఏదో రిపోర్టులో ఖాళీగా ఉన్న గడి గురించి అడిగినట్టు. ఆ పిల్లకు తెలియదు. "తెల్వదన్నది" అన్నాడు నాతో, కాల్ అయ్యాక. "మంచి పిల్ల."

ఆ సాయంత్రం వీడియోలో జరిగిన టీమ్ మీటింగులో, ఎవరికైనా చెప్పాల్సింది ఉంటే చెప్పండి అన్నారు. ముత్తమ్మల సంగతి చెప్పాల్సింది నేనే. నా మైకు మ్యూట్‌లో ఉంది. నేను తీయలేదు. ఇల్లు, లోను, ప్రొబేషన్ అయ్యి నెలన్నా కాలేదు అని ఎన్ని కారణాలైనా చెప్పుకోవచ్చు. తీయలేదన్నదే నిజం.

ఆఖరి రోజున అన్న తన ఎనభై మందినీ నాకు అప్పగించాడు. "పెద్ద ముత్తమ్మను ఎక్కువ సతాయించకు, ఆమెకు బీపీ. ఆ చివరోడు పేరు తప్పు రాస్తే లొల్లి చేస్తడు, వానికోసం చుక్కలు, గీతలు అన్నీ పెట్టి చూడు." నేను తల దించుకుని, ఆ మీటింగులో మాట్లాడనందుకు క్షమించమన్నాను. ఆయన సంచి భుజాన వేసుకుంటూ, "నువ్వు మాట్లాడితే లిస్టుల ఇద్దరమయ్యేటోళ్లం. గా ముసలోళ్లను ఎవరు చూసుకోవాలె మరి?" అన్నాడు. ఓదార్చడానికే అన్నాడని తెలుసు. అయినా ఆ పూట నాకు అన్నం దిగింది.

తర్వాత దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపు పైన ఒక కోచింగ్ సెంటర్‌లో టెస్టింగ్ పాఠాలు చెప్పాడు. ఒకరోజు చూద్దామని వెళ్తే క్లాసులో ఎవరూ లేరు. పిల్లలందర్నీ లిఫ్టు ముందు నిలబెట్టి, "దీన్ని ఎన్ని తీర్ల ఆగం చెయ్యొచ్చో చెప్పుండ్రి" అంటున్నాడు. వాచ్‌మన్ కర్ర పట్టుకుని మెట్లెక్కి వస్తున్నాడు. పిల్లలతో పాటు నేనూ పరిగెత్తాను. కింద చెరుకురసం బండి దగ్గర ఆయాసపడుతూ ఆయన నవ్విన నవ్వే నేను చూసిన ఆఖరి నవ్వు.

పదకొండో రోజున వనస్థలిపురంలో వాళ్లింటి ముందు రోడ్డు మీద షామియానా వేశారు. మేనేజర్ గారూ వచ్చారు. వదిన మా మధ్య కూర్చుని ఏడుస్తూనే చెప్పింది. "పెండ్లికి ముంగట నన్ను చూసుకోనీకి రెండుసార్లు వచ్చిండు. మొదటిసారే నచ్చిన్నట. మళ్లెందుకొచ్చినవయ్యా అంటే, మొన్న మంచిగున్నది, ఇయ్యాల గూడ గట్లనే ఉన్నదా చూద్దామని వచ్చిన అన్నడు." అంటూనే నవ్వింది. నవ్వుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఊరి నుంచి వచ్చిన అన్న వాళ్లమ్మ గోడవారగా కూర్చుని ఉంది. నేను ఆఫీసు నుంచి వచ్చానని తెలిసి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "మా పిలగాడు మీ ఆఫీసుల ఏం పని చేసేటోడమ్మా? ఎన్నిసార్లు చెప్పినా నాకు సమజ్ కాలే."

నాకు తెలిసిన ఇంగ్లీషు మాటలన్నీ పక్కన పెట్టి చెప్పాను. "ఏ వస్తువైనా జనం చేతికి పోకముందు, అది ఎక్కడ విరుగుతుందో చూసేవాడమ్మా. ఎవరికీ దెబ్బ తగలకుండా."

ఆవిడ నా వైపు తిరిగింది. "దానికి జీతమిచ్చిన్రా?"

"ఇచ్చారమ్మా."

"మరెందుకు తీసేసిన్రు?"

నేను మొదటి పంక్తిలో భోంచేస్తున్న మేనేజర్ గారి వైపు చూశాను. ఆయన విస్తరి వైపు చూశారు. "తెలియదమ్మా" అన్నాను.

ఆవిడ నా చెయ్యి వదిలి లేచింది. మొదటి పంక్తి అయిపోయి, రెండో పంక్తికి జనం వస్తున్నారు. కిరాయికి తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలు బల్లల వెంట వరసగా ఉన్నాయి. ఆ ముసలమ్మ ఈ చివర మొదలుపెట్టి, ఒక్కొక్క కుర్చీ మీద అరచెయ్యి ఆనించి, ఒంటి బరువంతా వేసి నొక్కుతూ నడుస్తోంది. వడ్డించేవాళ్లు పక్కకు తప్పుకుంటున్నారు. నడుమ ఒక కుర్చీ దగ్గర ఆగింది. ఇంకోసారి నొక్కింది, దాని కాలు పక్కకు వంగింది. దాన్ని వరసలోంచి బయటకు లాగి, గోడవైపు తిప్పి పెట్టి, తర్వాతి కుర్చీ దగ్గరికి వెళ్లింది.