మా ఖోలీలో చేపల తొట్టి

మొన్న దాదర్‌లో పళ్ళ డాక్టరు దగ్గర నా వంతు కోసం కూర్చుంటే, గోడకు బిగించిన గాజు తొట్టిలో ఎర్రచేపలు తిరుగుతూ కనిపించాయి. పక్కనున్న చిన్నపిల్ల వాటిని చూసి చప్పట్లు కొట్టింది. నేను మాత్రం లేచి అవతలి కుర్చీలోకి మారాను. ఇన్నేళ్ళయినా అలాంటి తొట్టి ముందు కాసేపైనా కూర్చోలేను.

ముంబైలో మిల్లు సమ్మె ఎంతకీ తెగక, పని పోయిందని ఎవరూ నోరు తెరిచి చెప్పకుండానే పాలమూరు నుంచి వచ్చిన మన మగవాళ్ళందరూ గడపల మీద కూర్చుండిపోయిన రోజులు మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటాయి. మా ఆయనా అలాగే కూర్చున్నాడు. కామాటిపురాలో వరసగా ఒంటిగదులుండే చాల్‌లో, పై అంతస్తులో మాది ఒకే గది, ఖోలీ అనేవాళ్ళం. మేమిద్దరం, అత్త, మరిది అందులోనే ఉండేవాళ్ళం. నేనూ అత్తా బీడీలు చుట్టేవాళ్ళం. ఆయన తెలిసిన వడ్రంగి వెంట ఎగ్జిబిషన్లలో స్టాళ్ళు కట్టడానికి, విప్పడానికి అప్పుడప్పుడు పోయేవాడు. అక్కడ విప్పేసిన ప్లైవుడ్ పలకలు ఒక్కొక్కటిగా ఇంటికి వస్తుంటే, గిన్నెలు పెట్టుకోవడానికి అలమారా చేస్తాడని నేను సంబరపడ్డాను.

పెళ్ళయిన కొత్తలో ఆయన నన్ను సముద్రం ఒడ్డున టికెట్టు కొని చేపలు చూసే చోటికి తీసుకుపోయాడు. అక్కడ ఒక పెద్ద అద్దం ముందు, వెనక నుంచి జనం నెడుతున్నా కదలకుండా నిలబడిపోయాడు. పలకలు ఇంటికి వస్తున్నప్పుడు ఆ సంగతి నాకు తట్టలేదు. ఒకరోజు సుద్దముక్కతో ఖోలీ నేల మీద గోడ పొడవునా గీతలు గీసి, "ఇది తొట్టి. మనం పండుకుంటే చేపలు కనబడాలె" అన్నాడు. అత్త ఆ గీతలు దాటుకుంటూ నడుస్తూ, "మనుషులకే జాగ లేదు, చేపలకు ఖోలీ కడుతుండు నా కొడుకు" అని గొణిగేది. అయినా ఊడ్చేటప్పుడు గీతలు చెరగకుండా పక్కనుంచే చీపురు తిప్పేది. కొడుకు చాలా నెలల తర్వాత ఏదో ఒకటి కొలుస్తున్నాడు, ఆలోచిస్తున్నాడు, అదే ఆమెకు చాలు.

నీళ్ళ బరువుకు చెక్కనేల కుంగకుండా, దూలాలు గోడలోకి దిగే వైపు తొట్టికి చోటు చూశాడు. మూడు వైపులా, అడుగునా ప్లైవుడ్ వేసి, ముందు మాత్రం పాత షోకేసు నుంచి విప్పిన మందపాటి అద్దం బిగించాడు. లోపల ఫైబర్‌గ్లాస్ గుడ్డ పరిచి, నీళ్ళు కారకుండా పడవలకు పూసే రెసిన్ జిగురు పొర మీద పొర పూశాడు. ఆ వాసనకు కళ్ళు మండి మేము వరండాలో వండుకున్నాం. మొదటిసారి నీళ్ళు పోస్తే ఒక మూల కారింది. విసుక్కోకుండా మొత్తం తోడిపోసి, ఆరబెట్టి, మళ్ళీ పూశాడు. ఆయన ఈల వేయగలడని నాకు తెలిసింది ఆ రోజుల్లోనే.

చాల్ మొత్తానికి కింద కుళాయి ఒక్కటే, అదీ పొద్దున్నే కాసేపు. అందరూ పట్టుకున్నాక చివర్లో సన్నగా పడే నీళ్ళను ఆయనే మోసి, రోజుకు కొంత చొప్పున తొట్టి నింపాడు. చేపలు వేసిన రోజు చుట్టుపక్కల గల్లీల వాళ్ళంతా మెట్లెక్కి వచ్చారు. "మన పాలమూరోడు ముంబైల సముద్రం కట్టిండు" అని వీపు తట్టారు. ఆ మాటకు ఆయన సిగ్గుపడి లోపలికి పోయాడు.

ఎండలు ముదిరాక కుళాయి ఒకరోజు వస్తే రెండు రోజులు వచ్చేది కాదు. వీపు తట్టినవాళ్ళే మా గుమ్మం ముందు తొట్టి నీళ్ళ గురించి గొంతు పెంచి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఒక మధ్యాహ్నం కింది ఖోలీ అవ్వ ఖాళీ బిందెతో వచ్చి తొట్టి ముందు చతికిలబడింది. ఆమె మనవరాలికి విరేచనాలు పట్టుకున్నాయని మాకు తెలుసు.

"చేపలకు నీళ్ళున్నయ్. నా మన్మరాలి గుడ్డలు పిండనీకి చెంబెడు నీళ్ళు లెవ్వు, బిడ్డా" అంది. అరవలేదు, తిట్టలేదు.

ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "బిందె ఇటియ్యి అవ్వా" అని రబ్బరు గొట్టం తొట్టిలో వేసి, నోటితో పీల్చి నీళ్ళు వదిలాడు. ఆ బిందె నిండేలోపు సంగతి అందరికీ తెలిసింది. బకెట్లు, డబ్బాలు, హండాలు మెట్ల దాకా వరస కట్టాయి.

"ఇగ చాలు, చేపలు సస్తయ్" అని నేను అడ్డం పోయాను.

"చేపలు సస్తే బజార్ల మల్ల దొరుకుతయ్" అంది వరసలో ఒకావిడ, నా మొహం చూడకుండా.

"పట్టుకోనియ్యే" అన్నాడు ఆయన. అడుగు కనిపించేదాకా గొట్టం పట్టుకునే నిలబడ్డాడు. చేపలను బకెట్లోకి మార్చాం గానీ, ఆ వేడికి ఒక్కటీ బతకలేదు.

వానలు పడ్డాక ముందు రోడ్డు తవ్వినప్పుడు అసలు సంగతి బయటపడింది. చాల్ యజమాని మనిషి మా పైపును మధ్యలో చీల్చి, ఫోరస్ రోడ్ మీది ఒక లాడ్జికి నీళ్ళు మళ్ళించాడు. ఖాళీ బిందెలతో వాడి గుమ్మం ముందు కూర్చోవడానికి ఒక్కరూ పోలేదు. మర్నాడు వాడు ఎదురైతే మగవాళ్ళంతా "రామ్ రామ్ సేఠ్" అన్నారు. మా ఆయన ముందుకు మాత్రం ఎవరూ రాలేదు. అవ్వ ఒక్కతే వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆయన చాయ్ పోసిచ్చాడు. ఆమె తాగి, మెట్లు దిగిపోయింది.

కుళాయి మళ్ళీ బాగా వచ్చినా ఆయన తొట్టి నింపలేదు. రంపం తెచ్చి తనే కోశాడు. మరిది పెళ్ళికి ఖోలీలో అడ్డుగోడ కట్టింది ఆ పలకలతోనే. ఆ తర్వాత ఒక దుకాణానికి వాచ్‌మన్‌గా చేరి, వయసంతా అక్కడే గడిపాడు. స్టూలు కాలు ఊగినా, తొట్టి కట్టిన ఆ చేతులే ఉండి కూడా, బయటి నుంచి వడ్రంగిని పిలిపించేవాడు. తొట్టి మాట చనిపోయేదాకా ఎత్తలేదు. చాల్ వాళ్ళ మీద నాకున్న కోపం చూసి, "వాళ్ళకు దాహమాయె, ఇడిసెయ్" అనేవాడు. నాకు విడిచిపెట్టడం చేతకాలేదు.

ఇప్పుడు నేనుండే బిల్డింగులో కుళాయి రోజంతా వస్తుంది. ఒకరి గుమ్మం ముందు ఇంకొకరు బిందె పెట్టే అవసరం లేదు. మూసిన తలుపుల వెనక ఎవరేం కట్టుకుంటున్నారో చూడటానికి మెట్లెక్కి వచ్చేవాళ్ళు లేరు, దాన్ని ఖాళీ చేయించేవాళ్ళూ లేరు. ఇదే నయమని నాకు నేను చెప్పుకుంటాను. కొన్ని రోజులు నమ్ముతాను కూడా.