అంటు బియ్యం

నేను ఏ దేవుడికీ అగరబత్తి వెలిగించను. అయినా మొన్న తిరుపతి బజారులో ఒక దుకాణం ముందు, ఇంకా పొట్లాలు కట్టని అగరబత్తుల మోపు దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. వెలిగించిన బత్తి వాసన అందరికీ తెలుసు. వెలిగించనిదానికి వేరే వాసన ఉంటుంది. తడిసిన బొగ్గుపొడి, చెట్టుబెరడు జిగట, అడుగున ఎక్కడో సన్నగా గంధం. లోకానికి అది పూజగది వాసన కావచ్చు. నాకది రెడ్డెమ్మక్క చేతుల వాసన.

డెబ్భైల చివర్లో బి.ఏ. ముగించి, రేణిగుంట రోడ్డులోని ఒక అగరబత్తుల కంపెనీలో గుమాస్తాగా చేరాను. హాజరు పుస్తకం రాయడం నా పని. తీరిక దొరికితే మూఢనమ్మకాల మీద చిన్న పత్రికలకు నిప్పులు చెరిగే వ్యాసాలు రాసేదాన్ని. ఎదుటివాడి నోరు మూయిస్తే గెలిచినట్టేనని కాలేజీ చర్చల్లో నేర్చుకుని వచ్చాను. రెడ్డెమ్మక్క బత్తులు చుట్టే హాలుకు మేస్త్రీ. యాభై దగ్గర పడిన మనిషి, మోచేతుల దాకా నలుపు, దవడన ఎప్పుడూ ఆకూవక్కా. మొదటిరోజే నా చేతులు పట్టుకుని తిప్పి చూసింది.

"ఏమ్మే, ఇంత తెల్లగా ఉండాయి, ఈడ ఏం పని చేస్తావు?"

"రాస్తానక్కా."

"రాయి, రాయి. చుట్టేది మేము, రాసేది నువ్వు, కాల్చుకునేది ఇంకొకరు" అని పకపకా నవ్వింది. హాలంతా నవ్వింది. నేను తప్ప.

ఆ కంపెనీలో ఒక ఆచారం ఉండేది. కానుపైన ఆడది నలభై రోజులు హాలు గడప తొక్కకూడదు. పురిటి అంటు. ఆ నలభై రోజులూ ఆమె పీట మీద ఇంకెవరూ కూర్చోరు, ఆమె ఇంటికి యజమాని బియ్యం పంపుతాడు. మేమంతా మొదలాళి అని పిలిచే ఆ యజమాని దేవుడికంటే అంటుకు ఎక్కువ భయపడేవాడు. ఆచారం పెట్టించింది రెడ్డెమ్మక్కేనని తెలిసి మండిపడ్డాను. సరిగ్గా ఆ రోజుల్లోనే, చిత్తూరులో ప్రభుత్వ పాఠశాల టీచరుగా ఉన్న మా పెద్దక్క కాన్పుకు సెలవు పెట్టింది. మూడు నెలలు నిండు జీతం. అదే వీధిలోని ప్రైవేటు బడిలో మా అక్క స్నేహితురాలికి కడుపు కనబడగానే రాజీనామా కాగితం ముందు పెట్టారు. అందరివీ తొమ్మిది నెలలే, అందరివీ ఒకే నొప్పులు. ఒకరికి హక్కు, ఒకరికి ఉద్వాసన, మా హాలులో అంటు బియ్యం! రక్తం ఉడికిపోయింది.

ఆయుధపూజ నాడు ఆవరణలో అందరినీ కూర్చోబెట్టి, "చదువుకున్న పిల్లవు, నాలుగు మాటలు చెప్పమ్మా" అన్నాడు మొదలాళి. నేను నాలుగు మాటలతో ఆగలేదు. బిడ్డను కన్న తల్లి అంటరానిదైతే ఆ బిడ్డ ఎట్లా అంటదగినదైందని అడిగాను. నెత్తురు నెత్తురే గానీ పాపం కాదన్నాను. చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా కొట్టినవాడు మొదలాళి. నా వాదం పండిందని పొంగిపోయాను. వెనక వరసలో రెడ్డెమ్మక్క మాత్రం చేతులు కట్టుకుని నన్నే చూస్తూ ఉంది.

మా హాలులో పనిచేసే చెంగమ్మ అప్పటికి వారం రోజుల బాలింత. సత్యవేడు దగ్గర నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చిన పిల్ల, వెనకా ముందూ ఎవరూ లేరు. మరునాడే మొదలాళి ఆమెకు కబురంపాడు. "అంటు లేదు, గింటు లేదు. గుమాస్తమ్మ కండ్లు తెరిపించింది. పన్నెండో నాటికి పనిలోకి రమ్మనండి. ఇంక బియ్యమెందుకు?"

చెంగమ్మ వచ్చింది. పక్కన గోనెపట్టా మీద బిడ్డను పడుకోబెట్టుకుని రెండు రోజులు చుట్టింది. మూడోరోజు మధ్యాహ్నం పీట మీంచి ఒరిగిపోయింది. చీర తడిసిపోయి ఉంది. ఆస్పత్రికి రిక్షాలో తీసుకెళ్తుంటే ఆమె తల నా ఒళ్ళో ఉంది. అరచేతుల్లో ఇంకా బొగ్గుపొడి ఉంది.

బతుకుతుందని డాక్టరు చెప్పాక, ఆస్పత్రి మెట్ల మీద రెడ్డెమ్మక్క నా పక్కన కూర్చుంది. తిడుతుందనుకున్నాను.

"నువ్వు చెప్పింది అబద్ధం గాదు మే. నాకూ తెలుసు. ఐదుగురిని కన్నాను, ఐదో నాటికే కట్టెలు మోసినాను. అప్పుడు నా అంటు యాడికి పోయిందో!"

"మరి ఎందుకక్కా ఆ ఆచారం?"

"సెలవియ్యి సామీ అంటే ఇస్తాడా? అందుకే, అంటు చేతుల్తో చుట్టిన బత్తి దేవుడి ముందర వెలిగితే ఆ పాపం చుట్టించినోడిది అని చెప్పినా. కడుపు కాలితే బాలింతలు దొంగతనంగా వచ్చి కూచుంటారు, నేను కనిపెట్టలేను అని చెప్పినా. అట్లా వచ్చింది ఆ బియ్యం." ఆకు ఉమ్మేసి నా వైపు తిరిగింది. "దుప్పటి చిరిగిందని నాకు తెల్దా? ఇంకోటి తెచ్చినాక గదా దాన్ని లాగల్ల. వాడు చప్పట్లు కొట్టినాడని మురిసిపోతివి. ఇప్పుడు పోయి సూడు, చెంగమ్మ పీటను పసుపునీళ్ళతో కడిగిస్తా ఉండాడు."

వెళ్ళి చూశాను. నిజంగానే కడిగిస్తున్నాడు.

ఆ ఆదివారం చిత్తూరు వెళ్ళి, మా అక్కకు తెలిసిన వకీలు దగ్గర ప్రసూతి సెలవుల చట్టం పుస్తకం అడిగి రాసుకున్నాను. ఏడాదిలో నూట అరవై రోజులు పనిచేసిన స్త్రీకి పన్నెండు వారాల జీతం. కానుపయ్యాక ఆరు వారాలు ఆమెచేత పని చేయించకూడదు. హాజరు పుస్తకం తెరిచి చెంగమ్మ రోజులు లెక్కపెట్టాను. సరిపోయాయి, నా దస్తూరీలోనే.

"ఆరు వారాలంటే ఎన్నాళ్ళు మే?" అంది రెడ్డెమ్మక్క.

"నలభై రెండు రోజులు."

"చూస్తివా, నేను రెండు రోజులు తక్కువడిగినాను!" అని లేచింది. "పద. నీ నోటితో పోయింది, నీ నోటితోనే రావల్ల."

రాసుకున్నదంతా మొదలాళి ముందు చదివాను. ఇది పెద్ద మిల్లులకు గానీ మనలాంటి వాళ్ళకు కాదమ్మా అన్నాడు. మనకూ వర్తిస్తుందన్నాను. అంటు లేదని నువ్వే అంటివి గదా అన్నాడు. "అంటు లేదండీ, సెలవు ఉంది. జీతంతో" అన్నాను. ఆయన నవ్వాడు. అప్పుడు రెడ్డెమ్మక్క చాలా వినయంగా నోరు తెరిచింది.

"పీట కడిగించినారు, మంచిపని మొదలాళీ. మూడు రోజులు చెంగమ్మ చుట్టిన బత్తులు ఏ మోపులో కలిసినాయో నాకూ తెల్దు. అవీ కడిగిద్దామా? బజారులో ఎవరన్నా అడిగితే ఏం చెప్పల్ల?"

ఆయన నవ్వు ఆగిపోయింది. చెంగమ్మకు పన్నెండు వారాల జీతం వచ్చింది.

ఇక్కడితో ఆపితే నా వాదం గెలిచిన కథ అవుతుంది. గెలవలేదు. ఆ తర్వాత కడుపుతో ఉన్నవాళ్ళను నూట అరవై రోజులు నిండకముందే ఏదో సాకుతో పక్కన పెట్టడం మొదలైంది. చట్టం అందిన వాళ్ళకు జీతం, అందని వాళ్ళకు, మొదలాళికి మళ్ళీ పాపభయం పెట్టి రెడ్డెమ్మక్క బతికించిన అంటు, బియ్యం. నేను చూస్తూ నోరు మూసుకున్నాను. జీవితంలో ఒక మూఢనమ్మకాన్ని తెలిసి తెలిసి బతకనిచ్చింది ఆ ఒక్కసారే. అది పిరికితనమా అని ఇప్పటికీ నన్ను నేను అడుగుతూనే ఉంటాను.

తర్వాత నాకు ప్రభుత్వ ఉద్యోగం వచ్చింది. మా అబ్బాయి పుట్టినప్పుడు నిండు జీతంతో సెలవులో ఉన్నాను. మూడోరోజు పొద్దున రెడ్డెమ్మక్క వచ్చింది, చంకలో చిన్న బియ్యం మూట.

"నాకు జీతం వస్తుంది గదక్కా!"

"వస్తాదిలే. నోరు మూసుకుని తిను."

ఆమె పోయి చాలా ఏళ్ళైంది. ఇప్పటికీ దేన్నైనా కూల్చమని వ్యాసం రాస్తే, దాని కింద ఎవరైనా తలదాచుకుంటున్నారేమో చూడకుండా పంపను. కూల్చమనే రాస్తాను, వెనక్కి తగ్గను. కానీ బియ్యం సంగతి కూడా రాస్తాను.

ఆ మూట తెచ్చినరోజు ఆమే వండి, నలుపు వదలని చేతులతో కలిపి పెట్టింది. అంటును నమ్మని నేను ఆ అంటు బియ్యం ఒక్క మెతుకు వదలకుండా తిన్నాను.