రెండో లైనులో వసపిట్ట

వసపిట్ట గారి నోరు ఊరుకోదు. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఏదో ఉండే ఉంటుంది గానీ, ఆ వీడియో బృందంలో దాన్ని గుర్తుపెట్టుకున్నవాళ్లు లేరు. చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని మిక్సర్ ముందు కూర్చున్నారంటే చాలు, ఏ కెమెరా బొమ్మ తెరమీదికి వెళ్లాలో ఒక చేత్తో నొక్కుతూనే, చివరి కుర్చీ ఖాళీ అయ్యేదాకా వాగుతూనే ఉంటారు. విచిత్రమేమిటంటే, హెడ్‌సెట్ తీశాక ఆయన నుంచి "ఊ" తప్ప మరో అక్షరం రాలదు. పాపం, సరుకంతా అయిపోయి ఉంటుందని మూడో కెమెరా అమ్మాయి అనుకునేది.

ఆ అమ్మాయి పనిలో చేరి రెండు నెలలు. కిందటి సభలో ఆమె చేతులు వణికాయి. పెద్ద లెన్సుతో అంత దూరం నుంచి పట్టుకున్నప్పుడు ఇక్కడ వేలు కదిలితే అక్కడ మనిషి కదులుతాడు. ఒక పెద్దమనిషి పదవీ ప్రమాణం చేస్తుంటే, పడవలో నిలబడి చేస్తున్నట్టు వచ్చింది. స్టూడియో యజమాని ఆ ముక్కని రెండుసార్లు వేయించుకుని చూసి, "ఇంకొక్కసారి ఊగిందంటే ఇక్కడే కూర్చుని పాస్‌పోర్టు ఫొటోలు తీద్దువుగాని" అన్నాడు.

ఈరోజు స్నాతకోత్సవం. నాలుగువందల పన్నెండు మందికి పట్టాలు. రాలేని బంధువులు ఇళ్లలో కూర్చుని ప్రత్యక్షంగా చూస్తున్నారు. "సార్, ఇంకోసారి అందుకోండి" అనడానికి ఇదేమీ పెళ్లి కాదు. పట్టా చేతులు మారే క్షణాన్ని దగ్గరగా చూపించడం ఆమె పని. ఆయన "సిద్ధం" అంటే గురి చూసుకోవాలి, "వెళ్లాం" అంటే ఆమె బొమ్మ తెరమీదికి వెళ్లినట్టు. ఆమె హాలు వెనక చెక్క వేదికమీద, కెమెరా పక్కన నిలబడింది. చుట్టూ జనం, నోరు విప్పకూడదు. జవాబివ్వడానికి నడుముకున్న హెడ్‌సెట్ పెట్టెమీద మీట ఉంది; పక్కనే, రెండో లైనుకి పెట్టిన స్విచ్. ఒక నొక్కు అంటే అవును, రెండు నొక్కులంటే కాదు.

"మూడో నంబరూ, వినపడుతోందా?" చెవిలో వసపిట్ట గారి గొంతు.

ఒక నొక్కు.

"ముఖ్య అతిథి గారి ఎడమ మేజోడు జారిపోతోంది, చూశావా?"

రెండు నొక్కులు.

"మంచిది, చూడకు. నీకు చేతులు చాలు. ఇవాళ మా ఆవిడ కూరలో ఉప్పు మర్చిపోయింది. చెప్పానా? చెప్పలేదు. ముప్పయ్యేళ్లుగా చెప్పలేదు. మూడు, సిద్ధం... వెళ్లాం... మొదట్లోనే చెప్పుంటే ఈపాటికి ఉప్పు తినేవాణ్ణి."

ఆమెకు ఒళ్లు మండింది. అసలే కంగారుపడుతుంటే మధ్యలో ఈయన ఉప్పు ఒకటి. అవతల ఒకటో కెమెరా అన్నయ్య ఎలా భరిస్తున్నాడో, పాపం!

నూరో పట్టా దాటాక ఉపద్రవం వచ్చిపడింది. ఎవరో పెద్దాయన తన మేనల్లుణ్ణి ఫోనులో ఫొటో తీసుకుందామని లేచి, సరిగ్గా ఒకటో కెమెరా ముందు తిష్ఠ వేశాడు.

"ఒకటికి వీపు అడ్డం! రెండు ఇంకా మెట్ల దగ్గరే ఉంది. మూడూ, ఇక నువ్వే."

తెరమీద ఉన్నది ఆమె బొమ్మే అన్న గుర్తుగా కెమెరామీద ఎర్రదీపం వెలిగింది. వెలిగింది వెలిగినట్టే ఉంది. బొమ్మ అంచు సన్నగా అదరసాగింది.

"మూడో నంబరూ, నా పుట్టినరోజుకి మా అల్లుడు చెప్పులు తెచ్చాడు. రెండూ ఎడమ కాలివే! మార్చుకుందామని వెళ్లా. దుకాణంవాడు ఏమన్నాడో తెలుసా?"

రెండు నొక్కులు.

"చెప్తా. ముందు ఈ కళ్లద్దాలబ్బాయి పట్టా కానీ. కొంచెం ఎడమకి... ఆఁ. వాడేమన్నాడంటే... ఆగాగు, పొడుగమ్మాయి వస్తోంది, తలపైన కాస్త జాగా వదులు."

తొమ్మిదిమంది పట్టాలు పుచ్చుకుని దిగిపోయినా దుకాణంవాడు నోరు తెరవలేదు. ఆమె విసుగెత్తి మీట మూడుసార్లు నొక్కింది. మూడు నొక్కులకి అర్థం లేదు, అయినా నొక్కింది. వీపు పెద్దాయన కూర్చున్నాడు, దీపం ఆరింది. అప్పుడు చూసుకుంటే చేతులు వణకడం లేదు. ఎప్పుడు మానేశాయో ఆమెకే తెలియదు.

ఇంకా పదిమంది ఉన్నారనగా వాగుడు ఠక్కున ఆగిపోయింది. "మూడు, సిద్ధం. వెళ్లాం." అంతే. మళ్లీ నిశ్శబ్దం. తనేం తప్పు చేసిందో, ఆయనకు ఎందుకు కోపం వచ్చిందో! అడగడానికి వీల్లేదు. పట్టా అందుకునే ఒక్కొక్క చేతినీ కెమెరాలో పట్టుకుంటూ పోయింది. ఆఖరి పట్టా చేతులు మారింది, హాలంతా చప్పట్లు కొట్టింది.

వైర్లు చుడుతున్న అన్నయ్య దగ్గరికి వెళ్లింది.

"అన్నయ్యా, మూడు గంటలు ఆ వాగుడు ఎలా భరించావు?"

"ఏ వాగుడు?"

"అదే... మేజోడు, ఉప్పు, అల్లుడి చెప్పులు..."

అన్నయ్య నవ్వాడు. "అదంతా రెండో లైనులోనే వస్తుందమ్మా, కొత్తవాళ్లకి మాత్రమే. మేం ఒకటో లైను. మాకు 'సిద్ధం', 'వెళ్లాం' తప్ప ఇంకో మాట వినపడదు."

"మరి అందరూ వసపిట్ట అంటారేం?"

"అందరం ఒకప్పుడు రెండో లైనులో ఉన్నవాళ్లమే. నా చేతులు నీకంటే ఎక్కువ వణికేవి. ఇంతకీ ఆయనకి అల్లుడెక్కడి నుంచొచ్చాడు, ఆడపిల్లలే లేరుగా!"

ఆమె మిక్సర్ గదిలోకి వెళ్లింది. వసపిట్ట గారు మూలన వంగి పెట్టెలు సర్దుతున్నారు. బల్లమీద సభ వరుస కాగితం పక్కన, గుండ్రటి చేతిరాతలో మరో కాగితం ఉంది. "మొదట: మేజోడు. తర్వాత: ఉప్పు. బాగా కంగారుపడితే: చెప్పులు, పూర్తిచేయొద్దు." మధ్యలో రెండు సంగతులు రాసి, నవ్వు రాదనుకున్నారేమో, కొట్టేశారు. అడుగున ఇలా ఉంది: "చివరి పదిమంది: నోరు మూసుకోవాలి. ఆ అమ్మాయి చూసుకుంటుంది."

నాలుగు మాటలు కూడా పెగలని మనిషి ఇంట్లో కూర్చుని, రాసి, కొట్టేసి, ఆమె కోసం ఇంత వాగుడు తయారుచేసుకొచ్చారన్నమాట. ఆమెకు ఆయనమీద పట్టరాని ప్రేమ పుట్టుకొచ్చింది.

ఆయన వెనక్కి తిరిగి చూశారు. గబగబా వచ్చి కాగితం జేబులో కుక్కుకున్నారు. చెవులు ఎర్రబడ్డాయి.

"సార్, యజమాని గారు ఏమన్నారు?"

"ఊ."

"ఊ అంటే ఏంటి సార్? ఉన్నానా, పోయానా?"

ఆయన ఆమె నడుము పెట్టె అందుకుని, దాని స్విచ్‌ని రెండు నుంచి ఒకటికి జరిపి చేతిలో పెట్టారు.

"ఆదివారం. ఏడింటికి."

ఆమె ముఖం వెలిగిపోయింది. అంతలోనే, ఇక చెవిలో ఎవరూ వాగరని తట్టింది. బొటనవేలితో స్విచ్‌ని మళ్లీ రెండుకి జరిపింది.

"ఇంకొక్క సభ సార్. ఆ దుకాణంవాడు ఏమన్నాడో నాకు తెలియాలి."

వసపిట్ట గారు నేలచూపులు చూస్తూ తల గోక్కున్నారు.

"అది ఇంకా రాయలేదమ్మా."