పద్నాలుగో మంచానికి వెళ్ళిన కబురు

మూడేళ్ళలో ఆసుపత్రి రేడియో కమిటీకి నాలుగు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. కార్యదర్శి గ్రేమ్‌ను వార్షిక బార్బెక్యూ విందులో నేరుగా అడిగితే, సాసేజీలు తిప్పుతూ "గుడ్ పాయింట్, మేట్" అని పక్కవాళ్ళ ప్లేటు అందుకున్నాడు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన ఏడాది, పశ్చిమ సిడ్నీలోని ఒక ఆసుపత్రి రేడియోలో నన్ను గురువారం సాయంత్రం ఆరు నుంచి ఏడు వరకు అనౌన్సర్‌గా వేశారు. అప్పటికి నేను అక్కడే వైద్య పరికరాల టెక్నీషియన్‌ని. డ్యూటీ దిగి రేడియోకి వెళ్ళేవాణ్ణి. ఇప్పుడు రెండింటి నుంచీ రిటైరయ్యాను.

మా స్టేషన్ ఆసుపత్రి గోడలు దాటి వినిపించదు. మంచం పక్కన హెడ్‌ఫోన్ పెట్టుకుని నాలుగో చానెల్ నొక్కితే వస్తుంది. నడిపేదంతా వాలంటీర్లే. మధ్యాహ్నం వార్డులు తిరిగి, ఎవరికి ఏ పాట కావాలో చీటీల మీద రాసుకుంటాం. జబ్బు అడగం. గోప్యత కోసం ప్రసారంలో మేం పేరు చదవం. వార్డు, మంచం నంబరు మాత్రమే చెబుతాం. ప్రసారానికి ఇరవై నిమిషాల ముందు వార్డు క్లర్కుకు ఫోన్ చేసి, ఆ మనిషి ఆ మంచం మీదే ఉన్నారా అని కనుక్కోవాలి. దాన్ని బెడ్ చెక్ అంటాం. లేరంటే ఇంటివాళ్ళు పంపిన కబురు మానేసి పాట ఒక్కటే వేస్తాం. ఎందుకు లేరని అడగం.

ఆ గురువారం నాలుగో అంతస్తు పద్నాలుగో మంచం అన్నపూర్ణమ్మగారిది. మర్నాడు ఉదయం ఆవిడకు గుండె ఆపరేషన్. భర్త రామ్మూర్తిగారు మోకాలికి ఆపరేషనై ఎడ్మండ్‌సన్ పార్క్ శివారులోని ఇంట్లో కదల్లేకుండా ఉన్నారు. ఆయన తన మాటలు రికార్డు చేసి పంపారు. ఫోన్‌లోనే చెప్పొచ్చు కదా అన్నాను.

"ఫోన్‌లో అయితే ఇద్దరం ఏడుస్తామండీ. రేడియో అయితే నేను చెప్తాను, ఆవిడ వింటుంది. మధ్యలో అడ్డు రావడానికి కూడా ఉండదు" అన్నారు.

ఆరున్నరకు బెడ్ చెక్ చేశాను. "యెప్, స్టిల్ దేర్" అంది క్లర్కు. ఆరూ యాభైకి వేశాను. ఐదు నిమిషాలకు స్టూడియో ఫోన్ మోగింది. ఎవరో పెద్దాయన. "పద్నాలుగో మంచం నుంచి, మేట్. ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ బాగుంది. ఎవరికి థాంక్స్ చెప్పాలి?"

ఆ ఇరవై నిమిషాల్లోనే అన్నపూర్ణమ్మగారిని రెండో అంతస్తుకు మార్చి, ఫోన్ చేసిన పెద్దాయన్ను పద్నాలుగో మంచం మీద పడుకోబెట్టారు. రెండో అంతస్తుకు ఫోన్ చేశాను. కబురు వేసినప్పుడు ఆవిడ దారిలో ఉందనీ, ఇప్పుడే వచ్చి హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చుందనీ, ఏడుంబావుకు నిద్రమందు ఇస్తామనీ నర్సు చెప్పింది.

ఏడింటికి గ్రేమ్ నడిపే ఫుటీ ఆట విశేషాల కార్యక్రమం. ఒకరి సమయాన్ని మరొకరు ముట్టుకోవాలంటే అనుమతి ఉండాలి. ఒక్క నిమిషం ఇమ్మని అడిగాను. "నెక్స్ట్ వీక్ వేసుకో, మేట్" అన్నాడు. ఆపరేషన్ రేపేనని చెప్పాను. అతను హెడ్‌ఫోన్ పెట్టేసుకున్నాడు. నేను అతని మైకు తగ్గించి, రికార్డు మళ్ళీ వేశాను.

"అన్నపూర్ణా, గ్యాస్ కట్టేశాను. బీపీ మాత్ర వేసుకున్నాను. నీ కరివేపాకు మొక్కకి నీళ్ళు పోయించాను. నేనేం భయపడట్లేదు. నువ్వూ భయపడకు."

మీ ఆయన ఏమన్నారని నర్సు అడిగితే, "గ్యాస్ ఆఫ్ చేశారట, నాకు నమ్మకం లేదు" అని ఆవిడ పడుకుందట. ఆపరేషన్ బాగానే జరిగింది. రెండు వారాల్లో ఇంటికి వెళ్ళారు.

లాగ్‌బుక్‌లో మాత్రం నా పేరు పక్కన ఇలా ఉంది: ఒకటి, అనౌన్సర్ పొరపాటు వల్ల తప్పు మంచానికి కబురు; రెండు, అనుమతి లేకుండా మరొకరి సమయంలో ప్రసారం. రెండోది ఒప్పుకుంటాను. మళ్ళీ అవసరమైనా అదే చేస్తాను. మొదటిది ఒప్పుకోను.

నెల తిరక్కుండా స్టూడియో గోడకు ఒక కాగితం అతికించారు. బెడ్ చెక్ ఇకమీదట రెండుసార్లు, రెండోది ప్రసారానికి నిమిషం ముందు. గ్రేమ్ చేతిరాతే. అది ఎవరి మూలంగా వచ్చిందో అందులో లేదు.

యంత్రాన్ని పరీక్షించి సంతకం పెడితే అది మళ్ళీ తనిఖీ దాకా చెల్లుతుంది. ఉద్యోగమంతా అలాగే చేశాను. చీటీ మీద రాసేది మంచం నంబరే అయినా కబురు వెళ్ళాల్సింది మనిషికి. మనిషి విషయంలో ఇరవై నిమిషాల కిందటి మాట చెల్లదు. ఆ రోజు నేర్చుకున్నది అది.

ఇది చదివే వాలంటీర్లు ఎవరైనా ఉంటే గ్రేమ్‌కు చదివి వినిపించండి. పొరపాటు నాదైతే నియమం ఎందుకు మార్చావు? పొరపాటు నియమానిదైతే లాగ్‌బుక్‌లో నా పేరు పక్కన ఆ మాట ఇంకా ఎందుకుంది? నాకు జవాబు కావాలి. రాతపూర్వకంగా, సంతకంతో.